ఆంగ్‌స్ట్రామ్‌ని ఫెమ్టోమీటర్‌లోకి మార్చిన ప్రతిసారీ ఘాతం తిరగబడుతోంది, ఎక్కడ తప్పుతున్నాను?

గుండుసూది:
నమస్తే అందరికీ. అడగడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరాక కూడా ఇదేం ప్రశ్న అనకండి. బోర్ వ్యాసార్థం (హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్థం అనుకోండి) 0.529 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాన్ని ఫెమ్టోమీటర్లలో రాయమన్నారు. ఆంగ్‌స్ట్రామ్ అంటే 10⁻¹⁰ మీటర్లు, ఫెమ్టోమీటర్ అంటే 10⁻¹⁵, తేడా ఐదు, ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత 10⁻⁵ తో గుణించి 5.29 × 10⁻⁶ అని రాసిచ్చేశా. సున్నా మార్కులు. మైనస్ ఐదా, ప్లస్ ఐదా అన్న చోట నాకు ప్రతిసారీ బొమ్మా బొరుసా వ్యవహారమే. దీనికి గుర్తుంచుకునే ఉపాయం ఏమైనా ఉందా?

దశాంశం:
ఉంది తమ్ముడూ. తొట్టిలో నీళ్ళు చెంబుతో తోడితే ముప్పై చెంబులు అవుతాయనుకో, అవే చెంచాతో తోడితే వేల చెంచాలు. కొలిచేది చిన్నదైతే లెక్క పెరగాలి. ఫెమ్టో చిన్నది కాబట్టి అంకె పెరగాలి, అంతే. 52,900 ఫెమ్టోమీటర్లు. అయినా ఇంత కష్టం ఎందుకు, సెర్చ్ బాక్స్‌లో కొడితే మార్చి ఇస్తుందిగా.

చలిచీమ:
చెంచా ఉపాయం బాగుంది కానీ పరీక్ష హాల్లో టెన్షన్‌లో చెంబూ చెంచా కూడా తారుమారవుతాయి. నేనైతే ఉపాయాలు మానేసి ఒకటే పని చేస్తా: యూనిట్‌ని మాటలా కాక అంకెలా చూస్తా. 0.529 ఆంగ్‌స్ట్రామ్ అంటే 0.529 × 10⁻¹⁰ మీటర్లు. అందులో ఎన్ని ఫెమ్టోలు ఉన్నాయి అంటే భాగించాలి కదా, దాన్ని 10⁻¹⁵ మీటర్లతో భాగించు. కింద ఉన్న మైనస్ 15 పైకి వస్తే ప్లస్ 15 అవుతుంది, −10 + 15 = 5. 0.529 × 10⁵. ఇందులో "ఎటు జరపాలి" అన్న ప్రశ్నే పుట్టదు. నువ్వు చేసిన తప్పు చిన్నది, "ఎన్ని ఉన్నాయి" అని అడగాల్సిన చోట భాగించకుండా గుణించావు.

ఇంకోటి, జవాబు రాశాక ఒక్కసారి దాని మొహం చూడు. 5.29 × 10⁻⁶ ఫెమ్టోమీటర్లు అంటే హైడ్రోజన్ పరమాణువు ప్రోటాన్ కంటే లక్షన్నర రెట్లు చిన్నదన్నమాట. ప్రోటాన్ వ్యాసార్థం 0.84 ఫెమ్టోమీటర్లు. ఇల్లు గుమ్మంలో దూరిపోయినట్టుంది.

గుండుసూది:
"గుమ్మంలో దూరిపోయిన ఇల్లు" 😂 ఇది మర్చిపోను. భాగించడం అర్థమైంది, థాంక్స్ అండి. నాలుగైదు చేసి చూశా, సరిగ్గానే వచ్చాయి. సోడియం పసుపు గీత తరంగదైర్ఘ్యం 5890 ఆంగ్‌స్ట్రామ్‌లు = 589 నానోమీటర్లు, సిలికాన్ స్ఫటికం ప్రమాణ ఘటం (స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న పెట్టె) అంచు 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు = 543.1 పికోమీటర్లు.

కానీ అసలు తంటా ఇప్పుడొచ్చింది. ఉప్పు స్ఫటికం సాంద్రత కట్టమన్నారు. ఘటం అంచు 5.64 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఒక ఘటంలో నాలుగు సోడియం క్లోరైడ్ జతలు. ద్రవ్యరాశి 4 × 58.44 ని అవొగాడ్రో సంఖ్యతో భాగిస్తే 3.88 × 10⁻²² గ్రాములు. ఘనపరిమాణానికి 5.64 ని ఘనం చేస్తే 179.4, సెంటీమీటర్లలోకి మార్చడానికి 10⁻⁸ పెట్టా. సాంద్రత 2.16 × 10⁻¹⁶ వచ్చింది. ఉప్పు గాలి కంటే తేలికట. 2.16 అన్నది మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉంది, అందుకే ఇంకా మంటగా ఉంది.

చలిచీమ:
బ్రాకెట్ పెట్టలేదు నువ్వు. (5.64 × 10⁻⁸) మొత్తానికి ఘనం, 5.64 కి ఒక్కదానికే కాదు. 10⁻⁸ ని ఘనం చేస్తే 10⁻²⁴, నువ్వు 10⁻⁸ దగ్గరే ఆగిపోయావు, సరిగ్గా పదహారు ఘాతాలు పోయాయి చూడు. మళ్ళీ కట్టు.

స్క్రూగేజి:
ఈ తప్పు చేయని వాళ్ళుంటే చెయ్యెత్తండి. నేను చదువుకునే రోజుల్లో ఒక చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కి నూరు చదరపు నానోమీటర్లని రాశా, తిప్పి రాశానన్నమాట, పైగా దాని మీద మూడు పేజీల లెక్క. అసలు నూరు చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు కలిస్తే ఒక చదరపు నానోమీటర్.

ఫెర్మిఫ్యాన్:
వైశాల్యం దగ్గరకొచ్చాం కాబట్టి నా వాటా. కేంద్రక భౌతికశాస్త్రంలో "బార్న్" అని వైశాల్యానికి ఒక ప్రమాణం ఉంది, 10⁻²⁸ చదరపు మీటర్లు. బార్న్ అంటే ధాన్యం, గడ్డి దాచే పెద్ద కొట్టం. 1942లో అమెరికాలో అణుబాంబు పరిశోధనలో ఉన్నవాళ్ళు పెట్టుకున్న పేరు, కేంద్రకం లెక్కలో అది కొట్టమంత పెద్ద గురి అని వాళ్ళ జోకు. దాన్ని ఫెమ్టోమీటర్లలోకి మారిస్తే: ఒక ఫెమ్టోమీటర్ చదరం 10⁻³⁰, కాబట్టి బార్న్ అంటే 100 చదరపు ఫెమ్టోమీటర్లు, పక్కకు పది ఫెమ్టోలున్న చతురస్రం. బంగారం కేంద్రకం తీసుకో, ద్రవ్యరాశి సంఖ్య 197, దాని ఘనమూలం సుమారు 5.82, దాన్ని 1.2 తో గుణిస్తే వ్యాసార్థం 7 ఫెమ్టోలు, వైశాల్యం 154 చదరపు ఫెమ్టోలు, అంటే ఒకటిన్నర బార్న్. ఈ ఒక్కటి గుర్తుంటే బార్న్‌కి ఘాతం ఎంత అని తడుముకోనక్కర్లేదు.

"ఫెర్మి" అన్నా "ఫెమ్టోమీటర్" అన్నా ఒకటే, గుర్తు కూడా ఒకటే అవడం మన అదృష్టం. ఫెమ్టో అన్న మాట డేనిష్‌లో పదిహేనుకున్న పేరు నుంచి వచ్చింది, దాని తర్వాతది అట్టో, అది పద్దెనిమిది. రెండూ 1964లో చేర్చారు.

దశాంశం:
అట్టోమీటర్! ఆటో మీటర్ అని చదివా 😀 దీనితో నిజంగా కొలిచేది ఏమైనా ఉందా, లేక ఊరికే పేరు పెట్టి వదిలేశారా?

ఫెర్మిఫ్యాన్:
ఉంది. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో పరికరంలో గురుత్వ తరంగం దొరికింది కదా. నాలుగు కిలోమీటర్ల చేతుల్లో సాగుదల నిష్పత్తి గరిష్ఠంగా 10⁻²¹ దాకా. గుణించు: 4 × 10³ × 10⁻²¹ = 4 × 10⁻¹⁸, అంటే నాలుగు అట్టోమీటర్లు. ప్రోటాన్ వ్యాసార్థంలో రెండొందలో వంతు కూడా లేదు.

పాతఅట్ట:
నేను పాత పుస్తకాలు పోగేసే మనిషిని, అందుకే నా గోల వేరు. 1950ల నాటి వర్ణపటం పుస్తకంలో తరంగదైర్ఘ్యాలన్నీ "మిల్లీమైక్రాన్"లలో ఉంటాయి. గుర్తేమో ఎం పక్కన మ్యూ. మైక్రాన్‌లో (అంటే మైక్రోమీటర్‌లో) వెయ్యో వంతు, అంటే మన నానోమీటరే. ఇంకా పాతవాటిలో రెండు మ్యూలు పక్కపక్కన ఉంటాయి, మైక్రాన్‌లో పదిలక్షో వంతు, అంటే పికోమీటర్. ఒక మ్యూ ముద్రణలో చెరిగిపోయిందా, లెక్క లక్షల రెట్లు మారిపోతుంది. 1967లో తూనికలు కొలతల మహాసభ మైక్రాన్ అన్న పేరునే రద్దు చేసింది, మ్యూని మైక్రో అన్న ఉపసర్గకే వదిలేసింది. జనం వింటేగా, ఇప్పటికీ ఫిల్టర్ల మీద మైక్రాన్లే.

స్క్రూగేజి:
పాతవాళ్ళనేం అంటారు, ఇప్పుడూ అంతే. నేను పంపిన రిపోర్టులో "5 మైక్రోమీటర్ల పూత" అన్నది అవతలివాళ్ళ కంప్యూటర్‌లో ఫాంట్ మారి "5 మిల్లీమీటర్లు" అయిపోయింది. కొన్ని ఫాంట్లలో మ్యూ స్థానంలో ఎం అక్షరమే కూర్చుని ఉంటుంది, ఫాంట్ పోతే ఎం బయటపడుతుంది. ఫోన్ చేసి "అంత మందం పూత ఎందుకండీ, రేకు కంటే పూతే ఎక్కువుందే" అని అడిగారు, బతికిపోయాం. తెలుగులో ఇంకో తిరకాసు, మైక్రోమీటర్ అంటే కొలతా అదే, స్క్రూగేజి పరికరమూ అదే. నా దగ్గరున్న మైక్రోమీటర్ కనీసపు కొలత 0.01 మిల్లీమీటర్, అంటే పది మైక్రోమీటర్లు కొలిచే మైక్రోమీటర్.

రాత్రిషిఫ్ట్:
మీరంతా చెప్పేవి వెయ్యి రెట్లు, లక్ష రెట్లు తప్పులు. అవి పట్టుబడతాయండీ. గాలి కంటే తేలికైన ఉప్పు, రేకు కంటే మందమైన పూత, ఎవరైనా ఆగి చూస్తారు. నాకు ప్రాణం మీదకొచ్చింది రెండు రెట్లు కూడా లేని తప్పుతో.

నేను అణువుల మీద కంప్యూటర్ లెక్కలు చేస్తా. మా పనిలో మూడు కొలతలు తిరుగుతుంటాయి. పీడీబీ ఫైళ్ళలో (ప్రోటీన్ల లాంటి అణువుల నిర్మాణాలు దాచేవి) పరమాణువుల స్థానాలు ఆంగ్‌స్ట్రామ్‌లలో ఉంటాయి, అణువుల కదలికలు కట్టే గ్రోమాక్స్ ప్రోగ్రాం నానోమీటర్లు తీసుకుంటుంది, క్వాంటం లెక్కల ప్రోగ్రాములు లోపల బోర్‌లలో నడుస్తాయి (బోర్ వ్యాసార్థాన్నే ఒక యూనిట్‌గా పెట్టుకుంటారు, 0.529177 ఆంగ్‌స్ట్రామ్). మొదటి రెండింటికీ మధ్య తేడా పది, అది తప్పితే పరమాణువులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ప్రోగ్రాం మొదటి అడుగులోనే పేలిపోతుంది. మంచిదే. కానీ మూడోది? హైడ్రోజన్ అణువులో రెండు కేంద్రకాల మధ్య దూరం 0.74 ఆంగ్‌స్ట్రామ్‌లు, అదే బోర్‌లలో 1.40. నేను ఒక పట్టిక నుంచి 1.40 తీసుకుని ఆంగ్‌స్ట్రామ్‌లు అడిగే చోట పెట్టా. 1.40 ఆంగ్‌స్ట్రామ్ అన్నది చూస్తే ఏ అనుమానం రాదు, బెంజీన్‌లో కార్బన్ల మధ్య దూరం దాదాపు అంతే. ప్రోగ్రాం శుభ్రంగా నడిచింది, శక్తి ఇచ్చింది, గ్రాఫ్ కూడా గీసుకున్నా. బంధం ఇంత బలహీనంగా ఎందుకుందా అని పద్ధతి మార్చా, బేసిస్ సెట్ (లెక్కలో వాడే గణిత ప్రమేయాల సమితి) మార్చా, మెషీన్ మార్చా. రెండు వారాలు. బోర్ కొట్టడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

దశాంశం గారూ, సెర్చ్ బాక్స్ ఇక్కడ పనికిరాదు. 1.40 బోర్ కొడితే 0.74 అని సరిగ్గానే చెప్తుంది. నా దగ్గరున్నది బోర్ అని నాకు తెలిస్తే కదా కొట్టేది.

దశాంశం:
ఒప్పుకున్నా. బోర్ జోకు మాత్రం ఒప్పుకోను.

పాతఅట్ట:
రాత్రిషిఫ్ట్ చెప్పినదానికి చరిత్రలో ఒక అన్న ఉన్నాడు, చెప్పకుండా ఉండలేను, కొంచెం పొడుగు.

ఎక్స్‌రే తరంగదైర్ఘ్యాలు కొలవడానికి సీగ్‌బాన్ (1924 నోబెల్ ఆయనదే) "ఎక్స్ యూనిట్" అని పెట్టాడు. ఉద్దేశం ఆంగ్‌స్ట్రామ్‌లో వెయ్యో వంతు, అంటే 10⁻¹³ మీటర్లు. కానీ దాన్ని నేరుగా మీటర్‌కి కట్టలేదు, కాల్సైట్ స్ఫటికంలో పొరల మధ్య దూరానికి కట్టాడు. ఆ దూరం ఎలా తెలుసు? గుండుసూది ఇప్పుడు చేసిన లెక్కనే తిప్పి చేస్తే వస్తుంది: సాంద్రత కొలుస్తారు, అవొగాడ్రో సంఖ్య తెలుసు, దాన్నుంచి ఘటం అంచు. మరి అవొగాడ్రో సంఖ్య? ఫారడే స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే వస్తుంది. ఎలక్ట్రాన్ ఆవేశం, మిల్లికాన్ అనే శాస్త్రవేత్త గాలిలో నూనె చుక్కలతో చేసిన ప్రయోగం నుంచి. ఆయన గాలి స్నిగ్ధతకి వాడిన విలువ కాస్త తక్కువ, దాంతో ఆవేశం కూడా 0.6 శాతం తక్కువ వచ్చింది, ఇప్పటి 1.602 బదులు 1.592. పొడవు దగ్గరికొచ్చేసరికి ఘనమూలం పడుతుంది కాబట్టి 0.6 కాస్తా మూడో వంతై 0.2 శాతం అయింది.

ఇన్నేళ్ళూ స్ఫటికాలతో కొలిచినవాళ్ళందరికీ ఒకే జవాబు, ఎందుకంటే అందరూ ఆ ఒక్క కాల్సైట్ మీదే నిలబడ్డారు. గీతలు గీసిన గ్రేటింగ్‌తో ఎక్స్‌రేలని కొలవడం మొదలెట్టాక 0.2 శాతం తేడా కనపడింది. మొదట గ్రేటింగ్‌నే అనుమానించారు పాపం. 1930లలో తేలిందేమిటంటే గ్రేటింగ్ తప్పు కాదు, నూనె చుక్క దగ్గర గాలి. అందుకే పాత స్ఫటిక పత్రాల్లో "ఆంగ్‌స్ట్రామ్" అని ఉన్నా నిజానికి అది వెయ్యి ఎక్స్ యూనిట్లు, సుమారు 1.002 ఆంగ్‌స్ట్రామ్ అయి ఉండొచ్చు. 1940లకి ముందు పత్రం తెరిస్తే ఇది మనసులో పెట్టుకోవాలి.

చలిచీమ:
అబ్బా. ఎలక్ట్రాన్ ఆవేశంలో తప్పు వచ్చి పొడవు కొలతలో తేలిందన్నమాట. ఇది క్లాసులో ఎవరూ చెప్పలేదు.

నీలిగీత:
కాంతి వైపు నుంచి ఒక మాట. ఆంగ్‌స్ట్రామ్‌ని కూడా మొదట మీటర్‌కి కట్టలేదు. 1907లో కాడ్మియం ఎర్ర గీతని 6438.4696 ఆంగ్‌స్ట్రామ్‌లుగా పెట్టుకున్నారు, అదీ 15 డిగ్రీల పొడి గాలిలో. ఆ "గాలిలో" అన్న మూడక్షరాలు ఇప్పటికీ మనల్ని వదల్లేదు. గాలి వక్రీభవన గుణకం దాదాపు 1.00028, కాబట్టి ఒకే గీతకి గాలిలో ఒక అంకె, శూన్యంలో ఇంకో అంకె. సోడియం జంట గీతల్లో మొదటిది గాలిలో 588.995 నానోమీటర్లు, శూన్యంలో 589.158. రెండోది 589.592, శూన్యంలో 589.756. ఆన్‌లైన్ పట్టికల్లో ఏది ఇచ్చారో పైన చిన్నక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

స్క్రూగేజి:
అసలు ఆంగ్‌స్ట్రామ్‌నే ఎత్తేస్తే పోలా? నానో ఉంది, పికో ఉంది, మధ్యలో ఈ పైన సున్నా పెట్టుకున్న ఏ ఎందుకు. ఎస్‌ఐ వాళ్ళు 2019 పుస్తకంలో దాని పేరు కూడా తీసేశారు.

రాత్రిషిఫ్ట్:
ఎత్తేస్తే నేను రాజీనామా 🙂 బంధాల పొడవులు చాలావరకు ఒకటి, రెండు దరిదాపుల్లోనే ఉంటాయి, 1.54, 1.09, 0.96. నోటికి వస్తాయి, కంటికి ఆనుతాయి. 0.154 అని రాస్తే ఆ సున్నా ఎప్పుడో ఒకప్పుడు రాలిపోతుంది, 154 అని పికోలో రాస్తే కోణమేమో అనిపిస్తుంది.

స్క్రూగేజి:
కోణమా 😂 సరే, ఉండనీ. చిప్‌ల వాళ్ళ నానోమీటర్ల కంటే నయమే, "రెండు నానోమీటర్ల టెక్నాలజీ" అంటారు, అందులో రెండు నానోమీటర్లు ఉండే భాగం ఏదని అడిగితే అది తరం పేరే తప్ప కొలత కాదంటారు. సిలికాన్ ఘటాలు వరసగా నాలుగు పెడితేనే రెండు నానోలు దాటిపోతాయి.

ఫెర్మిఫ్యాన్:
పోయే ముందు, పొడవు నుంచి శక్తికి మార్చేవాళ్ళ కోసం. 1240 అన్న అంకె పట్టుకో. తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో ఉంటే 1240 ని దానితో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో వస్తుంది, 589 నానోకి 2.1. ఆంగ్‌స్ట్రామ్, కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే 12.4, రాగి ఎక్స్‌రే గీత 1.54 ఆంగ్‌స్ట్రామ్‌కి 8.05. నాకు నచ్చేది ఇది: ఫెమ్టోమీటర్, మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌కి వచ్చినా మళ్ళీ అదే 1240, ఎందుకంటే మెగాలో 10⁶, ఫెమ్టోలో 10⁻¹⁵, కలిపితే 10⁻⁹, అది నానోనే.

ఇక్కడా రాత్రిషిఫ్ట్ చెప్పిన రకం గుంట ఒకటుంది. కేంద్రక బలం ఎంత దూరం పనిచేస్తుందో కట్టడానికి 1240 కాదు, దాన్ని 2π తో భాగించగా వచ్చే 197 వాడాలి. ఆ బలాన్ని మోసే పయాన్ అనే కణం ద్రవ్యరాశి 140 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, 197 ని 140 తో భాగిస్తే 1.4 ఫెమ్టో, సరైన జవాబు. పొరపాటున 1240 వాడితే 8.9. రెండూ ఫెమ్టోలే, రెండూ కేంద్రకం సైజులోనే ఉన్నట్టు కనిపిస్తాయి. పైన బంగారం వ్యాసార్థం 7 అని కట్టాం, అది గుర్తుంటేనే 8.9 దగ్గర అనుమానం వస్తుంది.

గుండుసూది:
మాస్టార్లందరికీ దండాలు. ఉప్పు సాంద్రత ఘన సెంటీమీటర్‌కి 2.16 గ్రాములు వచ్చింది, ఈసారి వెనక ఏ ఘాతమూ లేకుండా.

కానీ నీలిగీత గారి పోస్ట్ చదివాక గుండె జారింది. పోయిన వారం ల్యాబ్‌లో సోడియం గీతలకి గ్రేటింగ్‌తో నాకు 589.0, 589.5 వచ్చాయి. ఆన్‌లైన్ పట్టికతో పోలిస్తే రెండూ తక్కువే, పట్టికలో 589.16, 589.76. అందుకని రికార్డులో "పరికర దోషం వల్ల విలువలు తగ్గాయి" అని రాసి సంతకం కూడా పెట్టించుకున్నా. ఇప్పుడు వెళ్ళి చూస్తే పట్టిక పైన "శూన్యంలో" అని ఉంది. అంటే నా రీడింగులు కరెక్టేనా?!

నీలిగీత:
గాలి విలువలకి దగ్గరగా ఉన్నాయి, నిజమే. సంబరపడే ముందు ఒకటి చెప్పు. గాలికీ శూన్యానికీ తేడా 0.16 నానోమీటర్లు. మీ ల్యాబ్ గ్రేటింగ్‌తో ఆ తేడా అసలు కనబడుతుందా? నీ రీడింగ్ పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంత రాశావు?

గుండుసూది:
…రాయలేదండి.

నీలిగీత:
కోణం రీడింగ్ ఎన్ని నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతుల) దాకా చదవగలవో చూసి అక్కడినుంచి కట్టు. పదో వంతు నానోకి బదులు ఒక నానో వస్తే, పరికర దోషమూ లేదు, గాలీ లేదు.

గుండుసూది:
ఒక నిమిషం దాకా చదవొచ్చు. మిగతాది రేపు ల్యాబ్ తెరిచాక.